నోటు తిరగరాసే రోజు

కంభం దాటి గిద్దలూరు రోడ్డెక్కితే కుడివైపు నల్లమల వెంటే వస్తుంది. అడివంతా పచ్చగా ఉన్నా, దాని కింద పొలాలు మాత్రం వాననూ బోరునూ నమ్ముకున్నవే. ఆ దారిలో ఒక ఊళ్ళో, పెద్దాయన అరుగు మీద అప్పు పంచాయితీ జరుగుతోందంటే వెళ్ళాను.

2021లో మిరప పెట్టుబడికి ఒక రైతు ఎరువుల వ్యాపారి దగ్గర రెండు రూపాయల వడ్డీకి రెండు లక్షలు తెచ్చాడు. పూత మీదున్న తోటను నల్ల తామర పురుగు ఊడ్చేసింది. ప్రామిసరీ నోటుకు మూడేళ్ళు నిండితే కోర్టులో చెల్లదు. గడువులోగా ఎంతో కొంత చెల్లు వేయించి సంతకం పెట్టించాలి, లేదా నోటు తిరగరాయాలి. వ్యాపారి లెక్కలో వడ్డీ లక్షా నలభై నాలుగు వేలు. అసలుతో కలిపి మూడు లక్షల నలభై నాలుగు వేలకు కొత్త నోటు రాయమన్నాడు.

"పంట పోయిన ఏడాది వడ్డీ కూడా అడుగుతావా అన్నా?" అన్నాడు రైతు.

"నేను తెచ్చిన చోట నన్నెవరు వదిలారు?"

ఆ మాటా అబద్ధం కాదు.

బ్యాంకుకు వెళ్ళలేదా అని రైతును అడిగాను. నవ్వాడు. రిజర్వు బ్యాంకు 2018 ఆదేశాల్లో ఈ కష్టానికి దారి ఉండేది. పంట నష్టం 33 శాతం దాటితే పంట రుణాన్ని రెండేళ్ళ దాకా, సగానికి మించి పోతే అయిదేళ్ళ దాకా వాయిదాలు వేయొచ్చని, మొదటి ఏడాది కట్టక్కర్లేదని అవి చెప్పాయి. విపత్తుల జాబితాలో చీడ దాడి కూడా ఉండేది. కానీ ముందు ప్రభుత్వం దాన్ని విపత్తుగా ప్రకటించాలి. పైగా ఇతని సొంత పొలం రెండెకరాలే, మిరప వేసిన మూడెకరాలు కౌలువి. కౌలు పొలం పాసుపుస్తకం మీద లోను యజమానిది. 2019 రాష్ట్ర కౌలు చట్టం సాగుదారు హక్కు పత్రం ఇస్తానంది, దానికీ యజమాని సంతకం కావాలంది.

సొంత రెండెకరాల లోను సంగతి ఇంకో వింత. ఏటా గడువుకు ఒక్క రోజు కోసం చేబదులు తెచ్చి కట్టి, మళ్ళీ అంతే తీసుకుని, ఆ ఒక్కరోజుకూ కమీషన్ ఇస్తాడు. సకాలంలో కడితే వడ్డీ నాలుగు శాతమే కదా! బ్యాంకు పుస్తకంలో ఇతను ఏ బాధా లేని బుద్ధిమంతుడు. నష్టపోయిన రైతు ఆ లెక్కలో కనిపించడు, అందుకే నాకు ఆ పుస్తకం కంటే ఈ అరుగే ఎక్కువ నిజం చెప్పిందనిపించింది. న్యాయం చేస్తుందని మాత్రం అనను. రెండు రూపాయలంటే ఏడాదికి 24 శాతం.

మధ్యాహ్నానికి తెగింది. మొదటి ఏడాది వడ్డీ నలభై ఎనిమిది వేలు వ్యాపారి వదులుకున్నాడు. రైతు గేదెను అమ్మిన డబ్బు నలభై ఆరు వేలు అక్కడే లెక్కపెట్టాడు. మిగిలిన రెండున్నర లక్షలకు కొత్త నోటు, వడ్డీ పాతదే. పాత నోటు చింపేశారు.

వ్యాపారి లేవబోతుంటే రైతు చెయ్యి పట్టుకున్నాడు. "కంది విత్తనాలు, రెండు బస్తాల డీఏపీ పంపు అన్నా, కాయ కోశాక ఇస్తా."

"సాయంత్రం ఆటోలో పంపిస్తాలే."