ఎవరూ పిలవని మూడు గంటలు

డాలస్ చుట్టుపక్కల తెలుగువాళ్ల ఇళ్లలో బిడ్డకు రెండున్నరేళ్లు రాగానే ఒక చర్చ మొదలవుతుంది. డే కేరా, మాంటిస్సోరీనా? డైపర్ మానితేగానీ చేర్చుకోరట, చదవడం తొందరగా వస్తుందట, నాలుగేళ్లకే వేలల్లో కూడికలు చేస్తారట. భర్త ఉద్యోగం వెంట ఈ దేశం వచ్చి, పనిచేసుకునే అనుమతి దొరికాక మాంటిస్సోరి శిక్షణ తీసుకున్న తెలుగు ఆడవాళ్లు ఇక్కడ చాలామందే ఉన్నారు. నేనూ వాళ్లలో ఒకదాన్ని. మూడు నుంచి ఆరేళ్ల పిల్లలు కలిసి ఉండే తరగతిలో అసిస్టెంట్ టీచర్ని. సాయంత్రం బిడ్డను తీసుకెళ్లడానికి వచ్చినవాళ్లు రోజూ అడిగేది ఒకటే: "ఇవాళ ఏం నేర్చుకున్నాడండీ?"

"పొద్దున చాలాసేపు నీళ్లు పోశాడండీ" అంటే ముఖం వాడిపోతుంది. నెలకు వెయ్యి డాలర్లు దాటిన ఫీజు కడుతున్నవాళ్లు మరి, ఆ దిగులు నాకు తెలుసు. ఆ నీళ్లు పోయడం వాళ్లు ఒక్కసారి కళ్లారా చూస్తే బాగుండునని మాత్రం ప్రతిసారీ అనిపిస్తుంది.

ట్రేలో రెండు చిన్న గాజు జగ్గులుంటాయి. ప్లాస్టిక్‌వి కావు, జారితే పగిలేవి. పగులుతాయని తెలుసు కాబట్టే పిల్లాడు రెండు చేతులతో పట్టుకుంటాడు. జగ్గు మూతినే చూస్తూ, ఊపిరి బిగబట్టి, మణికట్టు మెల్లగా వంచుతాడు. చుక్క ట్రేలో పడితే పక్కనే ఉన్న స్పాంజితో తుడుస్తాడు. మళ్లీ ఆ జగ్గులోంచి ఈ జగ్గులోకి. ఆ మణికట్టే రేపు పెన్సిల్ తిప్పుతుంది. సిలిండర్ల దిమ్మ పని కూడా అంతే. ఒక్కో దిమ్మలో పది గుంటలు, పది సిలిండర్లు, ఒక్కోదానికి చిన్న పిడి. పిడిని మూడు వేళ్లతో పట్టుకోవాలి, అంటే పెన్సిల్ పట్టుకునే పద్ధతి కాగితం ముట్టకుండానే వచ్చేస్తుంది. ఒకటి తప్పు గుంటలో పెడితే చివర ఒకటి మిగిలిపోతుంది. "తప్పు" అని ఎవరూ చెప్పక్కర్లేదు, ఆ మిగిలినదే చెబుతుంది.

మా తరగతిలో ఎనిమిదిన్నర నుంచి పదకొండున్నర దాకా గంట కొట్టరు, అందరినీ ఒకచోటికి రమ్మనరు. ఎవరికి కావలసిన పని వాళ్లు అరలోంచి తెచ్చుకుని, చాప పరుచుకుని కూర్చుంటారు. ఒక్కో సామాను తరగతికి ఒక్కటే ఉంటుంది. గులాబీ రంగు గోపురం వేరొకరి చాప మీద ఉంటే, అది అరలోకి తిరిగొచ్చేదాకా ఆగాలి. పది సెంటీమీటర్ల ఘనం నుంచి ఒక సెంటీమీటరు ఘనం దాకా పది దిమ్మలు పేర్చడమే ఆ పని. మూడేళ్లవాళ్లకు అది చాలా పెద్ద సంగతి. అయిదేళ్లవాళ్లు అటుగా వెళ్తూ చూస్తారు, చెయ్యి పెట్టరు. ఈ బడి గొప్ప ఏమిటని ఎవరైనా నన్నడిగితే సామాను పేరు చెప్పను. పనిలో మునిగిన పిల్లను ఇక్కడ ఎవరూ పిలవరు. అదే గొప్ప.

ఈ పట్టింపు ఎక్కడిదో చెప్పాలి. 1907 జనవరి 6న రోమ్ నగరంలో శాన్ లోరెంజో అనే పేదల పేటలో మరియా మాంటిస్సోరి మొదటి బాలల గృహం తెరిచారు. ఆమె వైద్యురాలు. తల్లీతండ్రీ పనికి పోతే పిల్లలు ఒంటరిగా మిగిలి మెట్లూ గోడలూ పాడుచేస్తున్నారని, వాళ్లను ఒకచోట కూర్చోబెట్టమని ఆ పేటలోని భవనాల యజమానులు కోరుకున్నారు. అక్కడ మూడేళ్ల పిల్ల ఒకతె సిలిండర్లు తీసి పెడుతూ ఉంది. మాంటిస్సోరి మిగతా పిల్లల చేత చుట్టూ పాటలు పాడించారు. ఆ పిల్ల తల తిప్పలేదు. కుర్చీతో సహా ఎత్తి బల్ల మీద పెట్టారు. సిలిండర్లు ఒళ్లోకి లాక్కుని పని సాగించింది. నలభై సార్లకు పైగా తీసి పెట్టి, ఎవరూ ఆపకుండానే ఆపేసి, హాయిగా నిద్ర లేచినట్టు చుట్టూ చూసిందట. చదివినప్పుడు కథలా ఉంటుంది గానీ మా తరగతిలో ఆ చూపు నేను ఎందరి కళ్లలోనో చూశాను.

మన ఇళ్లలో ప్రేమంటేనే పిలవడం. "నాన్నా, ఒక్క ముద్ద." "ఇటు చూడమ్మా, ఫోటో." "అబ్బో, ఎంత బాగా కట్టావో!" మెచ్చుకోలు కూడా పిలుపే. ఆ మాటతో పిల్ల తల ఎత్తి మన ముఖం చూస్తుంది, చేతిలో పని జారిపోతుంది. అమ్మమ్మ పెట్టే గోరుముద్దలు మానమని నేననను, అవి ఎంత పెడితే అంత మంచిది. బిడ్డ బటన్ పెట్టుకోవడానికి తంటాలు పడుతున్నప్పుడు మాత్రం, ఆఫీసుకు ఎంత ఆలస్యమైనా సరే, మన చేతులు వెనక్కి పెట్టుకోవాలి. అది బిడ్డ సమయం.

ఇండియా నుంచి వచ్చిన తాతలూ నాయనమ్మలూ ఇదేదో అమెరికా పద్ధతి అనుకుంటారు. వాళ్లకు నేను మద్రాసులోని అడయారు సంగతి చెబుతాను. 1939లో దివ్యజ్ఞాన సమాజం పిలిస్తే మాంటిస్సోరి కొడుకు మారియోతో కలిసి మద్రాసు వచ్చారు. మొదటి శిక్షణకే దాదాపు మూడు వందల మంది చేరారు. మరుసటి ఏడు ఇటలీ యుద్ధంలో దిగేసరికి బ్రిటిష్ ప్రభుత్వం మారియోను నిర్బంధించి, ఆమెను అడయారు దాటవద్దంది. ఆమెకు డెబ్బయ్యేళ్లు నిండిన రోజున కొడుకును వదిలిపెట్టారు. ఆ తర్వాత కొడైకెనాల్‌లో కొంతకాలం గడిపారు. 1946 దాకా ఆమె మన దగ్గరే ఉన్నారు. ఆమె ముఖ్యమైన పుస్తకం 'ది అబ్సార్బెంట్ మైండ్' 1949లో ముందు మద్రాసులోనే అచ్చయింది. విజయవాడ పెద్దవాళ్లకు ఇంత చెప్పనక్కర్లేదు, పద్మశ్రీ కోటేశ్వరమ్మగారి మాంటిస్సోరి విద్యాసంస్థలతో ఆ పేరు వాళ్లకు ఏనాడో ఇంటిపేరంత దగ్గరైంది.

అక్షరాలు నేర్పే తీరు చూస్తే మన పెద్దవాళ్లు ఇంకా దగ్గరికి వస్తారు. చెక్క పలక మీద సాండ్‌పేపర్‌తో కోసి అతికించిన అక్షరం ఉంటుంది. పిల్ల రెండు వేళ్లతో దాన్ని దిద్దుతూ శబ్దం పలుకుతుంది. 'ఎం' అనదు, 'మ్' అంటుంది. పళ్లెంలో బియ్యం పోసి మనవడి వేలు పట్టి దిద్దించినవాళ్లకు, వీధిబడి ఇసుకలో ఓనమాలు దిద్దిన తండ్రుల గురించి విన్నవాళ్లకు ఇందులో కొత్తేముంది? వేలికి గరుకు తగలాలి, నోరు పలకాలి, అంతే. ఆ తర్వాత పెట్టెలో విడి అక్షరాలిస్తారు. రాయడం రాకముందే మాటలు పేరుస్తారు. ఒకరోజు ఒక తెలుగు పిల్ల టి, ఎ, టి, ఎ అని నాలుగు అక్షరాలు పేర్చి 'తాత' అని చదివింది. మా ప్రధాన టీచర్ అమెరికన్, ఆమెకు ఆ మాట తెలియదు. అయినా దిద్దలేదు.

బడి వెతుక్కునేవాళ్లకు ఒక మాట. మాంటిస్సోరి అన్న పేరు మీద ఎవరికీ హక్కు లేదు, బోర్డు ఎవరైనా పెట్టుకోవచ్చు. టీచర్ ఎక్కడ శిక్షణ పొందారో అడగండి. 1929లో మాంటిస్సోరి స్వయంగా స్థాపించిన ఏఎంఐ అనే సంస్థ ఉంది, అమెరికాలో 1960లో పుట్టిన ఏఎంఎస్ అనే సంస్థ ఉంది. మూడు వయసుల పిల్లలు ఒకే గదిలో ఉన్నారో లేదో చూడండి. పొద్దుటి పూటను అరగంట స్పానిష్, అరగంట కరాటే అని ముక్కలు చేస్తే అక్కడ మాంటిస్సోరి బోర్డు మీదే ఉన్నట్టు. ఫీజు సంగతి నాకు నిజంగా బాధ. పేటలో పేద పిల్లల కోసం మొదలైన బడి ఇవాళ కట్టగలిగినవాళ్లకే అందుతోంది. డాలస్ ప్రభుత్వ విద్యా జిల్లా (ఐఎస్‌డీ)లో హ్యారీ స్టోన్, డీలీ లాంటి ప్రభుత్వ మాంటిస్సోరి బడులున్నాయి. అలాంటివి ఊరికొకటి ఉండాలి.

మా తరగతిలో ఇంగ్లీషుకు ఉన్న విడి అక్షరాల పెట్టె లాంటిది తెలుగుకు దొరక్క నేనే చేసుకున్నాను. మన లిపికి ఇంగ్లీషు పెట్టె నమూనా సరిపోదు, మనకు గుణింతం ఉంది. అందుకని అక్షరాల ఒళ్లు వేరుగా, తలకట్టు, దీర్ఘం, గుడి, కొమ్ము వేరుగా మందపాటి అట్టతో కోశాను. తలకట్టు తీసి గుడి పెడితే 'క' కాస్తా 'కి' అవుతుంది. శనివారాలు మా వీధిలోని తెలుగు పిల్లలు చాప పరుచుకుని వీటితో కూర్చుంటారు. మొన్న అయిదేళ్ల పిల్ల 'వు' చేద్దామని వ పక్కన కొమ్ము ఆనించి, ఆగి, "ఇది మ అయిపోయింది!" అంది. నేను మాట్లాడలేదు. కొమ్మును పైకి జరిపింది, కిందికి జరిపింది, గోడ మీది గుణింతం పటం దగ్గరికి వెళ్లి 'వు' చూసొచ్చి, కాస్త కిందికి దించి పెట్టింది. తర్వాత 'పు' కూడా అలాగే చేసింది. ఇప్పుడు ఒత్తులు కోస్తున్నాను.