శకునపక్షి

బందరులోని ఆ ఇంట్లో ఎవరు బయటికి బయల్దేరినా ముందుగా వినిపించేది పెరటి తలుపు గడియ చప్పుడు. కొడుకు చెప్పులు వేసుకుంటున్నాడంటే చాలు, మామ్మ చేతిలో పని అక్కడే వదిలేసి పెరట్లోకి వెళ్లిపోతుంది. మనిషి వీధి మలుపు తిరిగాక గానీ లోపలికి రాదు. వెళ్లమని ఇంట్లో ఎవరూ అనలేదు. వెళ్లొద్దనీ ఎవరూ అనలేదు.

మామ్మది దివిసీమ. 1977 నవంబరు 19న వచ్చిన ఉప్పెనలో భర్త పోయాడు. అప్పటికి ఆమెకు ఇరవై రెండేళ్లు, ఒళ్లో ఏడాది పిల్లాడు. వేలమందిని పొట్టన పెట్టుకున్న ఆ ఉప్పెన ఒక్క రాత్రిలో ఎందరి నుదుట బొట్టు తుడిచేసిందో! నీళ్లు తీశాయి, ఇళ్లు లేచాయి, పొలాలు మళ్లీ పండాయి. కానీ శుభమా అని బయల్దేరే మనిషికి మామ్మ ఎదురుపడకూడదన్న మాట మాత్రం అలాగే ఉండిపోయింది.

మనవరాలు రోజూ బందరులో రైలెక్కి గుడివాడ వెళ్లి డిగ్రీ చదువుతోంది. ఒకరోజు జువాలజీ క్లాసులో పక్షుల పాఠం వచ్చింది. పక్షిశాస్త్రానికి ఆర్నితాలజీ అన్న పేరు 'ఓర్నిస్' అనే పాత గ్రీకు మాట నుంచి వచ్చిందని లెక్చరర్ చెప్పారు. ఓర్నిస్ అంటే పక్షి. ఇంటి వాడుకలో కోడి. ఇంకో అర్థం శకునం. యుద్ధానికి కదిలే ముందు, పెద్ద పనేదైనా తలపెట్టే ముందు గ్రీకులు పక్షి ఎటునుంచి ఎటు ఎగిరిందో చూసేవారట. చూడగా చూడగా పక్షి పేరే శకునానికీ పేరైంది. చివరికి తుమ్మినా, దారిలో ఎవరైనా ఎదురుపడినా 'పక్షి' అనేంతదాకా వచ్చింది. క్రీస్తుపూర్వం 414లో అరిస్టోఫెనీస్ ఆడించిన 'పక్షులు' నాటకంలో పక్షులే ఈ మాట ఎత్తిపొడిచి నవ్వుతాయి.

సాయంత్రం ఇంటికొచ్చిన పిల్ల, పక్కింటి తెలుగు మాస్టారి దగ్గర ఈ సంగతి గొప్పగా చెప్పింది. రిటైరై చాలాకాలమైన ఆ పెద్దాయన పడక్కుర్చీలోంచే నవ్వారు.

"గ్రీసు దాకా ఎందుకమ్మా! మన శకునం మాత్రం ఏమిటనుకున్నావు? సంస్కృతంలో శకునమంటే పక్షే. అడవిలో వదిలేసిన పసిపాపను శకుంతాలు, అంటే పక్షులు, కాపాడాయి కాబట్టి కణ్వుడు ఆ బిడ్డకు శకుంతల అని పేరు పెట్టాడు. శకుని పేరులో ఉన్నదీ పక్షే. అర్థం మరిచిపోయి, మనం మళ్లీ శకునపక్షి అని తిడుతుంటాం. పక్షి పక్షి అన్నట్టు!"

"మరి కోడి సంగతో, మాస్టారూ?"

"సంక్రాంతికి మన ఊళ్లలో పుంజుల్ని ఏమని పిలుస్తారు? డేగ, కాకి, నెమలి. ఏ రోజు ఏ రంగు పుంజు గెలుస్తుందో చెప్పడానికి కుక్కుట శాస్త్రం ఒకటి. జంతువుల్ని పోట్లాటకు దింపడం నేరమని 1960లోనే చట్టం వచ్చినా బరులు ఆగలేదు. పక్షి, కోడి, శకునం మూడూ మన దగ్గరా ఒక్కచోటే ఉన్నాయి. ఆ గ్రీకులు మనకు మరీ కొత్తవాళ్లు కూడా కాదులే. రెండో శతాబ్దంలో టాలెమీ ఈ ప్రాంతాన్ని మైసోలియా అని గ్రీకులో రాశాడు. ఆయన కొంటకొస్సూల అన్న రేవు మన ఘంటసాలేనని పండితుల మాట. అప్పటికే వాళ్ల పడవలకు మన తీరం తెలుసు."

పిల్ల కాసేపు మాట్లాడలేదు. పెరట్లో మామ్మ బట్టలు తీస్తూ కనిపించింది.

"అయితే శకునం ఆకాశంలో ఎగిరే పిట్టది. అది మనిషి నెత్తిమీదికి ఎలా వచ్చింది మాస్టారూ?"

మాస్టారు నవ్వలేదు. "పిట్టయితే ఎగిరిపోతుందమ్మా. దాన్ని పట్టుకుని నిందించలేం. ఇంట్లో మనిషి ఎక్కడికీ పోలేదు కదా" అన్నారు.

ఆ రాత్రి పిల్ల మామ్మ పక్కన పడుకుని హంసలదీవి కథ చెప్పమంది. మామ్మ చిన్నప్పటి నుంచీ చెప్పే కథే. కృష్ణమ్మ సముద్రంలో కలిసేచోట నల్లటి కాకి ఒకటి మునిగి, తెల్లటి హంసై లేచిందట. అందుకే ఊరికి ఆ పేరు.

"కాకికే నలుపు పోయింది. నీకెందుకు పోలేదు మామ్మా?"

మామ్మ పలకలేదు. దుప్పటి మాత్రం పిల్ల మీదికి జరిపింది.

ఫైనల్ పరీక్షల మొదటి రోజు వచ్చింది. పిల్ల సంచి భుజానికి తగిలించుకోగానే అలవాటుగా పెరటి గడియ చప్పుడైంది. పిల్ల చెప్పులు వదిలేసి వెనక్కి వెళ్లింది.

"మామ్మా, నువ్వు ఎదురురావాలి. లేకపోతే నేను కదలను."

"వద్దు తల్లీ, పరీక్ష రోజు. రేపు ఏదన్నా అటూఇటూ అయితే నా ప్రాణం ఊరుకోదు."

"అటూఇటూ అయితే నేను చదవకపోవడం వల్ల అవుతుంది. రైలుకు టైమవుతోంది, రా."

కోడలు వంటింటి గుమ్మంలో నిలబడిపోయింది. క్షణం తటపటాయించి, చేతిలోని క్యారేజీ అత్తగారికి అందించింది. "మీరే ఇవ్వండి అత్తయ్యా."

మామ్మ కొంగు సర్దుకుంది. దాదాపు యాభై ఏళ్ల తర్వాత ఒకరి ప్రయాణానికి వీధి గుమ్మంలోకి వచ్చి ఎదురుగా నిలబడింది. క్యారేజీ పట్టుకున్న చెయ్యి వణికింది. పిల్ల దాన్ని అందుకుని, మామ్మ కాళ్లకు దండం పెట్టి, స్టేషన్ వైపు పరుగెత్తింది.

పరీక్ష ఎలా రాసిందన్నది వేరే సంగతి. అది చదివిన చదువును బట్టి ఉంటుంది. మర్నాడు కొడుకు ఆఫీసుకు చెప్పులు వేసుకుంటుంటే మామ్మ లేవబోయింది. "కూర్చో అమ్మా" అన్నాడతను.

పెరట్లో గోడమీద కాకి అరిచింది. "ఎవరో చుట్టాలొస్తారు" అంది మామ్మ, బియ్యంలో రాళ్లు ఏరుతూ.