రుబ్బి దాచిన పిండి

పీహెచ్‌పీ ఒక వింత వంటమనిషి. పేజీ కావాలని ఎవరు తలుపు తట్టినా మళ్ళీ మొదటినుండి మొదలుపెడుతుంది. దస్త్రం తెరిచి, అక్షరమక్షరం చదివి, వ్యాకరణం సరిచూచి, తాను నడపగల సంకేతాలుగా మార్చి, నడిపి, పని కాగానే అన్నిటినీ పారబోస్తుంది. ఒక్కొక్క ఇడ్లీకి విడిగా పప్పు నానబోసి రుబ్బడమన్నమాట! ఆ రుబ్బిన పిండిని స్మృతిలో దాచి ఉంచేవే స్క్రిప్టు క్యాష్‌లు. టర్క్ ఎమ్ఎమ్‌క్యాష్, దానినుండి చీలిన ఈయాక్సిలరేటర్, ఏపీసీ, ఎక్స్‌క్యాష్... వీటిలో ఏదో ఒకదానిని సర్వరుకు ఎక్కించబోయి నిద్ర మానుకున్నవారు మనలో కొందరైనా ఉంటారు. 2013లో పీహెచ్‌పీ 5.5తోపాటే ఆప్‌క్యాష్ రావడంతో ఆ శ్రమ చాలావరకు తప్పింది.

2016లో నేను మా ఊరి రక్తదాతల పట్టికను ఒక చిన్న అద్దె సర్వరుపై నడుపుతూ ఉండేవాడిని. దాతలు కొద్దిమందే గనుక డేటాబేసు ఎందుకులే అని, పేర్లూ ఫోన్ నంబర్లూ పీహెచ్‌పీ దస్త్రంలోనే వ్రాసిపెట్టాను. బద్ధకమనే అనుకోండి. డెంగ్యూ రోజుల్లో జనం ఒక్కసారిగా వచ్చేసరికి పేజీ తెరుచుకోవడమే గగనమైపోయింది. చూసేవారేమో ఆసుపత్రి వరండాలలో నిలబడి ఉన్నవారు. ఆప్‌క్యాష్ మా సర్వరులో ఉండి కూడా పని చేయడం లేదని అప్పుడు గమనించాను. దానిని మేల్కొలిపాక పేజీ చిటికెలో రాసాగింది.

అక్కడితో ఆగవలసింది. మూల దస్త్రం మారిందేమోనని ఆప్‌క్యాష్ మామూలుగా 2 సెకన్లకొకసారి చూసుకుంటుంది. ఆ కాస్త చూపు కూడా దండుగనుకుని, వ్యాలిడేట్ టైమ్‌స్టాంప్స్ అనే అమరికను సున్నా చేశాను. దానివలన మిగిలిన కాలమేదో నా కంటికైతే కనబడలేదు.

నెల తిరగకముందే ఒక దాత కన్నుమూశారు. ఆయన నంబరు తీసివేయమని భార్య ఫోను చేశారు. ఆ రాత్రే ఆ పంక్తి చెరిపి, దస్త్రం ఎక్కించి పడుకున్నాను. పేజీ తెరిచి చూడనైనా లేదు. నాలుగు రోజులకు ఆవిడే మళ్ళీ పిలిచారు.

"ఇంకా అడుగుతూనే ఉన్నారు నాయనా. ఆయన లేరని ప్రతివాళ్ళకూ చెప్పవలసివస్తోంది."

దస్త్రంలో ఆయన లేరు. సర్వరు స్మృతిలో పాత పిండి అలాగే ఉంది. మూత తీసి చూడవద్దన్నది నేనే. కంగారులో టెర్మినల్ నుండి క్యాష్‌ను ఖాళీ చేయమన్నాను. ఏమీ మారలేదు. టెర్మినల్‌లో నడిచే పీహెచ్‌పీ స్మృతి వేరు, పేజీలు వడ్డించే పీహెచ్‌పీ స్మృతి వేరు. రెండవదానిని పునఃప్రారంభిస్తే గాని ఆయన పేరు పోలేదు. అమరికనూ మళ్ళీ ఒకటికి మార్చాను.

క్షమించమని ఆవిడకు ఫోను చేశాను. "పోనీలే నాయనా, వాళ్ళదీ అవసరమేగా" అన్నారు. అడిగినవారిలో ఇద్దరికి తన తమ్ముడి నంబరు ఇచ్చారట. ఆయనదీ అదే గ్రూపు. అడిగితే, పేరు చేర్చడానికి ఆయన ఒప్పుకున్నారు. చేర్చి, పేజీ తెరిచి, ఈసారి రెండు సార్లు చూసుకున్నాను.