మన చెట్టుకీ సర్టిఫికెట్ కావాలట!

చెట్టు మనది. స్థలం మనది. డబ్బూ మనదే. మరి ఇల్లు కట్టుకుంటుంటే మధ్యలో ఎవరో వచ్చి 'ఈ దుంగ పనికొస్తుందా?' అని అడగడమేంటి?

మా టీమ్ లీడ్ కోపం ఇదే. ఆయన అమెరికన్. వాషింగ్టన్ రాష్ట్రంలో, కాస్కేడ్ పర్వతాలకి తూర్పున వాళ్లకి కొంచెం స్థలం ఉంది. అక్కడ వాళ్ల నాన్న పెంచిన డగ్లస్ ఫర్ చెట్లతోనే దుంగల ఇల్లు కట్టాలని ఆయన కోరిక. నాన్న పోయాక అది కోరిక కాదు, మొక్కులా మారిపోయింది.

నాది సియాటిల్ దగ్గర సాఫ్ట్‌వేర్ ఉద్యోగం. బీటెక్‌లో మెకానికల్ చదివానని తెలిసి, పర్మిట్ కాగితాల్లో లెక్కలు కాస్త చూడమన్నారు. అలా నా వీకెండ్స్ చాలా అక్కడే గడిచాయి. రోజూ నేను రాసే కోడ్ ఒకటి, అక్కడ పాటించాల్సిన కోడ్ ఇంకొకటి!

అమెరికాలో చాలాచోట్ల ఇళ్లకి ఆధారం ఇంటర్నేషనల్ రెసిడెన్షియల్ కోడ్. మామూలు చెక్క ఫ్రేమ్ ఇళ్లకి అందులో కొలతలన్నీ రెడీగా ఉంటాయి. గుండ్రటి దుంగల సంగతి వేరు. అందుకే వాటికోసం 2007లో 'ఐసీసీ 400' అని విడిగా ఒక ప్రమాణం తెచ్చారు. అది చదివాకే నాకు అర్థమైంది, దుంగ అంటే ఇటుక లాంటిది కాదు. గోడలో పెట్టాక కూడా కదులుతూనే ఉంటుంది.

ఎలాగంటారా? చెక్క ఆరేకొద్దీ అడ్డంగా కుంచించుకుపోతుంది, నిలువునా మాత్రం పెద్దగా తగ్గదు. పచ్చి దుంగలతో కడితే గోడ అడుగుకి ముప్పావు అంగుళం దాకా దిగుతుందని లెక్కేసుకుంటారు. అంటే ఎనిమిది అడుగుల గోడ ఆరంగుళాలు దిగొచ్చు! అందుకే తలుపులు, కిటికీల పైన ఖాళీ వదలాలి. నిలువు స్తంభాలు దిగవు కాబట్టి వాటి దగ్గర స్క్రూ జాక్ పెట్టి, గోడతో పాటు కొంచెం కొంచెంగా దించుతూ రావాలి. ప్లాన్‌లో ఇవన్నీ గీసి చూపించాలి.

తర్వాత చలి. వేడిని ఆపే శక్తిని ఆర్-విలువ అంటారు. మెత్తటి చెక్కకి అది అంగుళానికి సుమారు 1.25. అంటే ఎనిమిది అంగుళాల దుంగకి 10 వస్తుంది. చలి ప్రాంతాల్లో ఫ్రేమ్ గోడకి అడిగేది 20, ఆపైనే. అయితే దుంగ వేడిని పట్టి ఉంచుతుంది కాబట్టి కోడ్ దాన్ని వేరుగా చూస్తుంది. మేం దుంగల మందం పెంచి, పైకప్పులో, కిటికీల్లో మిగతాది సర్ది లెక్క చూపించాం.

అసలు గొడవ గ్రేడింగ్ దగ్గరే వచ్చింది. షాపులో కొన్న చెక్క మీద గ్రేడ్ ముద్ర ఉంటుంది. మన చెట్టు మీద ఎవరు వేస్తారు? గుర్తింపు ఉన్న సంస్థ నుంచి గ్రేడర్ వచ్చి ఒక్కో దుంగనీ చూశారు. ముడులు ఎంతున్నాయి, పుచ్చు ఉందా, నార నిటారుగా ఉందా, మెలి తిరిగిందా... అన్నీ. చాలావరకు పాసయ్యాయి. నడికప్పు దూలానికని మా లీడ్ అన్నిటికంటే ముందే దాచుకున్న దుంగ మాత్రం పోయింది. దాని నార బాగా మెలి తిరిగి ఉంది. అలాంటిది ఆరేటప్పుడు తిరుగుతుంది, బలమూ తక్కువే. దాని మీద శీతాకాలమంతా మంచు బరువు పడుతుంది.

"మా నాన్న చెట్టండీ అది" అన్నారాయన. గ్రేడర్ ఏం చెప్తాడు పాపం!

నాకు మా అమ్మమ్మ వాళ్ల పెంకుటిల్లు గుర్తొచ్చింది. దూలం పైకి నున్నగా ఉండేది, లోపలంతా చెదలు. ఒక వానాకాలం రాత్రి ఫెళ్లున విరిగింది. ఉక్కగా ఉందని అమ్మమ్మ ఆ రాత్రి వసారాలో పడుకుంది కాబట్టి బతికింది. ఆ దూలం ఎలా ఉందో అంతకుముందు ఎవరూ చూడలేదు. చూడాలని చెప్పేవాళ్లూ లేరు.

ఆ సంగతి ఆయనకి చెప్పాను. ఏమీ మాట్లాడలేదు. మర్నాడు పొద్దున్నే ఇంకో దుంగ మీద సుద్దముక్కతో గుర్తు పెట్టారు.

మా సాఫ్ట్‌వేర్‌లో తప్పు దొర్లితే రాత్రికి రాత్రి ప్యాచ్ వేస్తాం. దూలానికి ప్యాచ్ ఉండదు. ఆ ఇంట్లో రేపు పడుకునే పిల్లలు తల ఎత్తి 'ఇది గట్టిదేనా?' అని అడగరు. వాళ్ల తరఫున ముందే అడగాల్సిన ప్రశ్నలే కోడ్ నిండా ఉన్నాయి. ఇది కాగితాల పనే, విసుగే. కానీ రీల్స్‌లో అందంగా కనిపించే చెక్క ఇల్లు చూసి 'మనమూ కడదాం' అనుకునేవాళ్లు డిజైన్ కంటే ముందు ఆ ప్రశ్నలు చదవండి.

పర్మిట్ వచ్చింది. ఇప్పుడు గోడలు నాలుగో వరసలో ఉన్నాయి. కరెంటు వైర్లకి రంధ్రాలు దుంగలు పేర్చేటప్పుడే వేయాలి కాబట్టి ఎలక్ట్రీషియన్ కూడా అక్కడే ఉంటున్నాడు. మెలి తిరిగిన ఆ దుంగని ముందు వరండాలో బల్లగా చెక్కుతున్నారు. దాని మీద కూర్చోడానికి ఎవరి పర్మిటూ అక్కర్లేదు.