ఎర్రగడ్డకు గాలి

మదనపల్లె, పుంగనూరు, కుప్పం ఇళ్లలో ఉల్లిపాయను ఎర్రగడ్డ అంటారు. నేలలోంచి పెరికాక కూడా అది ప్రాణమున్న గడ్డే. ఊపిరి తీసుకుంటుంది, తడి వదులుతుంది, అదను చూసి మొలకెత్తుతుంది. ప్లాస్టిక్ సంచిలో కట్టిపెడితే తాను వదిలిన తడితోనే కుళ్లిపోతుంది. వెదురు తట్టలోనో, నీడపట్టున గోనెపట్టా మీదో పలచగా పరచడం మేలు.

అసలు జాగ్రత్త కొనేటప్పుడే మొదలవ్వాలి. మెడ సన్నగా ఎండి, పైపొట్టు గలగలలాడే గడ్డ నిలుస్తుంది. మెడ లావుగా, పచ్చిగా ఉన్నదాన్ని ముందు వండేయాలి. వానాకాలపు పంటలో నీరెక్కువ, దాన్ని నమ్మి మూట కొనకూడదు. బాగా ఆరిన రబీ గడ్డలు నాలుగైదు నెలలుంటాయి. 25 నుంచి 30 డిగ్రీల వేడి, పొడిగాలి వాటికి నప్పుతాయి; 10 నుంచి 20 డిగ్రీల చల్లదనంలో మొలక త్వరపడుతుంది. సముద్రమట్టానికి సుమారు 700 మీటర్ల ఎత్తున్న మదనపల్లెలో చలికాలపు రాత్రులు అలాంటివే. ఆ నెలల్లో కొద్దికొద్దిగా తెచ్చుకోవడమే మంచిది.

ఉర్లగడ్డలతో, అంటే బంగాళాదుంపలతో, కలిపి పోయడం చాలా వంటిళ్లలో కనిపించే పొరపాటు. ఒకదాని తడి మరొకదానికి చేటు. పొట్టు తీయని గడ్డలకు ఫ్రిజ్ పనికిరాదు. వారానికోసారి తట్ట తిరగేసి, మెత్తబడిన గడ్డను వెంటనే ఏరెయ్యండి.