రెండు చేతులకు రెండు భాగాలు

పాఠ్యాంశాలను తెలుగులో టైపు చేసీ చేసీ నా మణికట్లు నొప్పెడుతున్నాయి. “అబ్బాజాన్, రెండుగా విడిపోయే కీబోర్డు కొందాం. పగలు మీ పనికి, రాత్రి నా ఆటకు” అన్నాడు మా అబ్బాయి.

హిమాయత్‌నగర్, అబిడ్స్ దుకాణాలలో వెతికాము. వైరు లేనివి ఉన్నాయి, పలుచనివి ఉన్నాయి. ఆ రెండు గుణాలతోపాటు రెండుగా విడిపోయేది మాత్రం దొరకలేదు.

అడిగినది వింత వస్తువేమీ కాదు. భాగాలను భుజాల వెడల్పున ఉంచితే మణికట్లు పక్కకు వంగవు. మీటలు పలుచగా ఉంటే పైకి విరుచుకోవు. 1986లో కేంద్ర ఎలక్ట్రానిక్స్ శాఖ ప్రమాణీకరించిన ఇన్‌స్క్రిప్ట్ అమరికలో అచ్చులు, గుణింతపు గుర్తులు ఎడమ చేతికి, హల్లులు చాలావరకు కుడి చేతికి వస్తాయి. అంటే తెలుగు రాత ముందే రెండు చేతులకు పంచబడి ఉంది! ఆటలో ఎడమ భాగం, మౌసు ఉంటే తరచు సరిపోతుంది.

విడిభాగాలు తెప్పించి బిగించుకునే వీలుందట. అంతవరకు నేను చెబుతుంటే అబ్బాయి టైపు చేస్తున్నాడు. మూడు పుటలయ్యేసరికి చేతులు విదిలించుకుంటూ, “రాత్రి ఆట గంటే చాలు” అన్నాడు.

మణికట్టుకు పని వేరు, ఆట వేరు కాదు. ఎంత మంచి పరికరం కొన్నా విరామం మనమే ఇవ్వాలి.