గట్టి ఎముక, మెత్తని పొర

పనిముట్టు పదునుగా ఉంటే పని సగమైనట్లేనని సామాన్యంగా అనుకుంటాము. పదును ఎక్కువైనకొద్దీ ప్రమాదమూ పెరిగే చోటు మన ముఖంలోనే ఒకటి ఉన్నదని మాకు ఇటీవలనే తెలిసింది.

పై దవడ పండ్లకు ఎగువన, ముక్కుకు ఇరుప్రక్కల, సైనస్ అనే గాలిగది ఉంటుంది. వెనుక పండ్లు పోయి ఏండ్లు గడిస్తే అక్కడి ఎముక తరిగి, గాలిగది క్రిందికి దిగుతుంది. కృత్రిమ దంతానికి వేరువలె నిలిచే లోహపు మరను బిగించడానికి చాలినంత ఎముక మిగలదు. అప్పుడు బుగ్గ వైపు ఎముకలో చిన్న కిటికీ తెరచి, లోపలి పొరను మెల్లగా పైకెత్తి, దాని క్రింద ఎముక పొడిని నింపుతారు. అమెరికా వైద్యులు బాయిన్, జేమ్స్ 1980లో ఈ పద్ధతిని ప్రకటించారు. పలుచని ఆ పొర చిరిగితే పొడి గాలిగదిలోకి జారవచ్చు, చీము పట్టవచ్చు.

కిటికీ తెరవడానికి మొదటినుండి వాడుతున్నది గిరగిర తిరిగే బర్. దానితో పని త్వరగా సాగుతుంది. కాని దానికి ఎముకా ఒకటే, పొరా ఒకటే. రెండవది అతిధ్వని పనిముట్టు. కొన్ని స్ఫటికాలను నొక్కితే విద్యుత్తు పుడుతుందని 1880లో క్యూరీ సోదరులు కనుగొన్నారు. విద్యుత్తును ప్రయోగిస్తే అవి కంపిస్తాయని మరుసటి ఏడు తేలింది. ఈ సూత్రంతో పనిచేసే మొన సెకనుకు సుమారు 25,000 నుండి 30,000 సార్లు అతిస్వల్పంగా కదులుతుంది. కదలని ఎముక తెగుతుంది. మెత్తని పొర మొనతోపాటు ఊగి తప్పించుకుంటుంది. ఇటలీ వైద్యుడు వెర్చెల్లొట్టి 2001లో, 21 శస్త్రచికిత్సలలో ఒక్కసారి మాత్రమే పొర చిరిగిందని తెలిపాడు.

అంతమాత్రాన తీర్పు చెప్పరాదు. 2008లో 13 మంది రోగులలో రెండు పద్ధతులను పోల్చి చూసినప్పుడు చిరుగుళ్లలో చెప్పుకోదగిన తేడా కనిపించలేదు. పైగా అతిధ్వని పనిముట్టు నెమ్మది; ఖరీదైనది. కిటికీ తెరచిన తరువాత పొరను విడదీసేటప్పుడూ అది చిరగవచ్చు. అక్కడ వైద్యుని హస్తలాఘవమే రక్ష.

మా తల్లిగారికి ఈ చికిత్స అవసరమైనప్పుడు ఈ లెక్కలన్నీ వినిపించాము. ఆమె ఓపికగా విని, "ఏ పనిముట్టయితేనేం నాయనా, ఆ డాక్టరు చెయ్యి తిరిగినవాడేనా?" అన్నారు. మేము అడుగవలసిన ప్రశ్న అదేనని తోచింది. వైద్యుడు దాచలేదు. తన చేతిలోనూ పొర చిరిగిన సందర్భాలున్నవని, చిన్న చిరుగైతే కొల్లాజెన్ పొరతో కప్పుతానని, పెద్దదైతే పని ఆపి కొన్ని నెలల తరువాత మళ్లీ మొదలుపెడతానని చెప్పాడు. అతిధ్వని పనిముట్టు తనకు అలవాటైనదన్నాడు. ఆపడం తెలిసిన చేతికి మా తల్లిగారిని అప్పగించడానికి మాకు ధైర్యం కలిగింది.

పొర చిరగలేదు. నింపిన పొడి ఎముకగా గట్టిపడేవరకు కొన్ని నెలలు ఆగవలెనట. అంతవరకు ఆమె రెండవ ప్రక్కనే నములుతున్నారు.